కొసరు

మధ్యాహ్నం రెండింటికే చీకటి.
ఇనారి దాటాక, పాల డబ్బాల అరుగు పక్కన
పుస్తకాల బస్సు ఆగింది,
ఇంజన్ ఆపకుండా. ఈ చలిలో ఆపితే
మళ్ళీ రాజుకోదు.

ముందు బూట్ల మీది మంచు దులపమంటుంది రైలి,
తర్వాతే పలకరింపు.

సంబంధాలు కుదిర్చే మనిషే తను, కాకపోతే
ఆ వంద అబద్ధాలూ ఆడదు.
"నడుమ ఎనభై పేజీలు బరువు. ఓర్చుకో," అంటుంది
రెయిన్‌డీర్లు కాచుకునే ఊలాతో.
ఆక్టోపస్‌ల మీద కొత్త పుస్తకం.
సముద్రమే చూడనివాడికి అదెందుకూ అంటే,
పోయినసారి చేప కన్ను గురించి
అతనడిగిన ప్రశ్న ఆమె మర్చిపోలేదు.

పదకొండేళ్ళ నీలా చేతిలో నవల.
"చివర్లో కుక్క చచ్చిపోతుందా?"
రైలి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"కుక్క బతుకుతుంది."
కుక్క ఒక్కటేనని వాడికి అర్థమైంది.
అయినా తీసుకున్నాడు.

హిల్లెవి కొత్తవేవీ ముట్టదు.
మొగుడు పోయాక మూడుసార్లూ
అదే వంతెనల చరిత్ర,
అతను సగంలో వదిలేసింది.
ఈసారి రైలి ఏమీ చెప్పలేదు.
దాని కింద ఇంకోటి పెట్టి ముద్ర వేసింది,
కూరలమ్మి కొసరు వేసినట్టు.

బస్సు కదిలింది.
వెనక ఎర్రదీపం పైన్ చెట్లలో సన్నబడి, పోయింది.
హిల్లెవి మెట్ల మీదే నిలబడి
చేతి తొడుగు పళ్ళతో లాగి
ఫోను వెలుతురులో
కొసరు పుస్తకం మొదటి వాక్యం చదివింది.

రెండోదాని కోసం
లోపలికెళ్ళి దీపం వేసింది.