వేలి పక్కన

అనంతపురం పెద్దాసుపత్రి పై అంతస్తు.
ఫ్యాను తిరుగుతాంది, గాలి మాత్రం ల్యా.
బల్ల మీద గంపెడు చీనీకాయలు,
గార్లదిన్నె తోటవంట,
తినేకి కాదు, గుచ్చేకి.

పద్దెనిమిది మందిమి నర్సులం.
ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
సూదేసేది నాకు నేర్పేదేందబ్బా అనుకుంటా
వెనక బెంచీలో చెప్పులిడిసి కూచున్నా.

మార్తమ్మ సిస్టరు రెండు సిరంజీలెత్తి చూపించింది.
ఎర్రమూతది నలభై, నారింజమూతది వంద.
"ఎర్రమూత దాంతో వంద సీసా లాగినారనుకో,
ఒక పాలు పడాల్సిన చోట రెండున్నర పడతాది.
నిద్రపోతాండాడులే అనుకుంటారు మీరు."
గదిలో ఎవురూ దగ్గను కూడా దగ్గలేదు.
కరెంటు పోయిన రాత్రులన్నీ మతికొచ్చినాయి నాకు,
సెల్లుఫోను పండ్ల మధ్య పట్టుకొని మందు లాగిన రాత్రులు.
మూత రంగు చూసినానా?
చూసే ఉంటా.

అప్పుడు పిలిచిందామె ఓబులేసును.
తొమ్మిదేండ్లోడు, నార్పల దగ్గర పల్లె.
వెనకాల వాళ్ళమ్మ లచ్చుమక్క, చేతిలో తడిగుడ్డ చుట్టిన కుండ.
"మా ఇంట్లో ఫ్రిజ్జు ల్యా.
పెద్దకుండలో ఇసుక, ఇసుకలో చిన్నకుండ, దాన్లో మందు.
పొద్దున్నే ఇసుక తడిపేది మా చెల్లెలు.
మరిచిపోతే దాని జడ పీకుతా."
అప్పటికి నవ్వినాం అందరం.

లచ్చుమక్క నవ్వలేదు.
మూడేండ్ల కిందట సంగతి చెప్పింది:
బిందెలు బిందెలు నీళ్ళు తాగేవాడంట,
పక్క తడిపినాడని తానే వీపు మీద ఏసిందంట,
కడుపునొప్పని ఒగ రాత్రి ఈ ఆసుపత్రికే ఎత్తుకొస్తే
ఎవరో సిస్టరు గ్లూకోసు బాటిలెక్కించి
పొద్దున్నే పంపించేసిందంట.
మూడోనాటికి కండ్లు తేలేసినాడు.
"ఆయమ్మ మొగం మతికి లేదు నాకు" అనింది,
కోపం లేదు గొంతులో.
నాకూ మతికి లేదు.
మూడేండ్ల కిందట నేనుండింది
క్యాజువాలిటీలోనే.

నోట్సు రాసుకోమనింది మార్తమ్మ.
చెమటలు పట్టి మాట ముద్దగా వస్తే
మొదట చక్కెర, తర్వాతే ప్రశ్నలు.
రాసుకుంటాండా,
అక్షరాలు గీత దాటిపోతాండాయి.

తర్వాత ఉప్పునీళ్ళతో ఒకరికొకరం సూదులేసుకున్నాం.
నా చెయ్యి షమీమ్‌కు దొరికింది, కొత్తపిల్ల, వేళ్ళు వణుకుతాండాయి.
నొప్పా? పెద్దగా ల్యా.
కానీ దినానికి నాలుగు తూర్లు, ఏడాదికి...
లెక్క కట్టబోయి ఆపేసినా.

చివరాఖరికి ఓబులేసు వేలు నా చేతికొచ్చింది.
అలవాటుగా కొన పట్టుకున్నా.
"కొనన కాదు సిస్టరమ్మా, పక్కన గుచ్చు.
కొన నాకు కావల్ల."
"ఏంటికి నాయనా?"
"శెనక్కాయలు ఒలిచేకి."

పక్కన గుచ్చినా.
చిన్న చుక్క, ఎర్ర చీమ తలకాయంత.
మీటరులో నూటా ముప్పై రెండు.
వాడు అంకె చూసి తల ఊపినాడు పెద్దమనిషి మాదిరి,
తర్వాత నా మొగంలోకి చూసినాడు.
"బాగా గుచ్చినావు. నొప్పే తెలీలా.
ఇంతకుముందెప్పుడన్నా నన్ను చూసినావా నువ్వు?"

గంపలో చీనీకాయలు
బెజ్జాల్లోంచి సన్నగా కారుతాండాయి.
నేను దూది పెట్టి
ఆ వేలిని
అవసరం కంటే ఎక్కువసేపే
ఒత్తి పట్టుకున్నా.