పోటు గీత

ఆ గీత గీసింది నేనే.
పోటు నీళ్లు వెనక్కి మళ్లే చోట, ఎండిన నాచు అంచున
మూడు శీతాకాలాలు బూట్లు తడుపుకుని
పటం మీదికి తెచ్చిన సన్నటి నీలి గీత.

గీతకి పైన కౌంటీ ఆఫీసు.
కింద, డబ్లిన్‌లో మంత్రిగారి శాఖ.
నడుమ ఎవరూ నాదనని జానెడు తడి ఇసుక.
దాని మీద పీతలు
ఏ అనుమతీ లేకుండా అటూ ఇటూ నడిచేవి.

మాలకి బోనర్ అడిగింది కొండంతేం కాదు.
కిల్‌వారా రేవు గట్టు ఇంకో ఎనభై మీటర్లు,
దాని మీద బరువులెత్తే క్రేన్ ఒకటి.
కానీ క్రేన్‌కి ఒక కాలు నేల మీద, ఒక కాలు నీళ్లలో.
నేల కాలికి ఒక దరఖాస్తు,
నీటి కాలికి ఇంకొకటి.
ఈ కాగితం వస్తేగానీ ఆ కాగితం కదలదు,
ఆ కాగితం కదిలితేగానీ ఈ కవరు చింపరు.

పదకొండేళ్లు.
ఫైలు ఒళ్లు చేసింది, ఊరు చిక్కిపోయింది.
ఐసు ఫ్యాక్టరీ చల్లారిపోయింది
(ఆ మాటకి మొదట్లో నవ్వుకునేవాళ్లం).
గాలిమరల రెక్కలు మోసే ఓడలు
మా కిటికీల ముందునుంచే
ఇంకో దేశపు రేవుకి పోయేవి.
ఒక్కో రెక్క మా వీధంత పొడవు.
బడి పిల్లలు లెక్కపెట్టేవాళ్లు.
తర్వాత లెక్కపెట్టే పిల్లలు తగ్గారు.

అప్పుడొచ్చింది కొత్త చట్టం.
ఒకే కౌంటరు, ఒకే ఫైలు, జవాబుకొక గడువు.
నా గీతని చెరపలేదు;
దాని మీద కుర్చీ వేసుక్కూర్చునే హక్కు తీసేసింది.

ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో విచారణ.
కెటిల్ ఆవిరి, తడి కోట్ల వాసన.
మాలకి నిరుడే పోయాడు.
అతని దరఖాస్తుని కూతురు బ్రోనా చదివింది,
నాన్న రాసిన తప్పులతో సహా.

ఆఖరి వరసలో డింప్నా హర్కిన్ లేచింది.
అమావాస్యకీ పున్నమికీ, ఆటు బాగా లాగినప్పుడు,
ఉత్తరపు బండల మీద నల్ల నత్తలు ఏరుకునే మనిషి.
ఉప్పుకి పగిలిన వేళ్లు కుర్చీ వీపు మీద ఆన్చి అంది:

"మీ ఆలస్యమే నన్ను బతికించింది.
రెండాఫీసులు తగువులాడుకున్నన్నాళ్లూ ఆ బండలు నావి.
ఇప్పుడు ఒక్కటే ఫైలంటున్నారు, సంతోషం.
అందులో నేనే పేజీలో ఉన్నాను?"

ఇన్‌స్పెక్టరు తిప్పాడు.
సీళ్లున్నాయి.
వలస పక్షులు పేరుపేరునా ఉన్నాయి.
అడుగు బురద ఎంత లోతో సెంటీమీటర్లలో ఉంది.
ఎవరో కప్పు కింద పెట్టారు;
ఆ చప్పుడు హాలంతా వినబడింది.

నేను తల దించుకున్నాను.
గీత కొలిచిన మూడు శీతాకాలాలూ ఆమె అక్కడే ఉంది.
ఒకసారి, కొలతకి అడ్డొస్తోందని,
బకెట్టు పక్కకి జరపమన్నాను కూడా.
జరిపింది.

అనుమతి వచ్చింది, నలభై రెండు షరతులతో.
ముప్పై తొమ్మిదోది రెండే వాక్యాలు:
ఉత్తరపు బండల్లోకి మెట్లు కట్టాలి.
ఆటు వేళల్లో గేటు తెరిచి ఉంచాలి.
ఎవరికోసమో రాయలేదు.

నిన్న క్రేన్ రెండో కాలు నీళ్లలో దిగింది.
బ్రోనా చప్పట్లు కొట్టలేదు, చూస్తూ నిలబడింది.
నేను ఆఫీసుకొచ్చి పటం సవరించాను.
గట్టు, గేటు, పదకొండు మెట్లు.
ఆఖరి మెట్టు పక్కన
ఏ చట్టమూ అడగని ఒక చుక్క.
స్కేలు ప్రకారం చూస్తే
బకెట్టు కన్నా అది చాలా పెద్దది.
అలాగే వదిలేశాను.