లైనంటే లైనే

కూర్చోండి.
ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి, మూడోది శనివారం నుంచి పలకట్లేదు.
పిల్లల్ని కిటికీల వైపు జరగనివ్వండి.
మార్చి సగం కాలేదు,
మౌలాలి గుట్ట అప్పుడే పెనంలా కాలుతోంది.

ఇవాళ ప్రసంగం చెయ్యను.
రాసుకొచ్చాను, నాలుగు పేజీలు.
జేబులో ఉన్నాయి, అక్కడే ఉండనీ.
తపస్కాలం మూడో ఆదివారం వచ్చిందంటే చాలు
ఇరవై రెండేళ్లుగా ఆ సమరియ స్త్రీని
మిట్టమధ్యాహ్నం బావి గట్టున నిలబెట్టి
ఆమె మొగుళ్లను లెక్కపెడుతూ వచ్చాను నేను.
కుండ బరువెంతో ఒక్క ఏడూ అడగలేదు.

కాలవ గట్టున పుట్టినవాణ్ణి.
నీళ్లు మా వాకిట్లోంచి పోయేవి,
ఒక్కో వానాకాలం పిలవకుండానే ఇంట్లోకి వచ్చేవి.
వాటికోసం వరుసలో నిలబడ్డం
మొన్న గురువారమే నేర్చుకున్నాను,
గుడి వెనక బోరు దగ్గి దగ్గి మట్టి ఉమ్మిన రోజు.

రైల్వే క్వార్టర్ల సందు.
ట్యాంకర్ ఇంకా రాలేదు.
మనుషులు గోడ నీడకి, బిందెలు ఎండకి.
పసుపు బిందె, పెయింటు డబ్బా,
రజియా బేగం గారి నీలం డ్రమ్ము,
ఎవరికో ఏదీ దొరక్క ఒక ఇటుక,
ఇటుక వెనక ఒక ఎడమకాలి చెప్పు.
చెప్పుకీ వంతుంది అక్కడ, ఎవరూ దాన్ని తన్నలేదు.

"ముందుకు రండి ఫాదర్" అన్నారు ఇద్దరు ముగ్గురు.
శౌరీలమ్మ మాత్రం కొంగుతో మెడ తుడుచుకుంటూ
"లైనంటే లైనే" అంది.
నా బకెట్టు చెప్పు వెనక పెట్టాను.

ఊరికే కూర్చోలేక అడిగాను:
ఆదివారం చదివే సువిశేషంలో
ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తింది కదా, ఎందుకంటావ్?
సెమినరీలో నేర్పిన జవాబు నా దగ్గర తయారుగా ఉంది,
పాత బతుకుని వదిలేసిందని,
ఇక ఆ నీళ్లతో పని లేదని.

శౌరీలమ్మ నవ్వింది.
"పని లేకుంటెట్ల? పొద్దుమీకి అన్నం వండొద్దా?
కుండ వెట్టి పోయిందంటె
నంబరు వెట్టుకొని పోయింది ఫాదర్.
మల్లొస్తది."

కాసేపాగి, ట్యాంకర్ వచ్చే వైపు చూస్తూ,
"దాహమైతుందని అడిగిండు గదా ఆయన,
ఇంతకీ ఇచ్చిందా, ఇయ్యలేదా?"

ఆ రాత్రి కరెంటు లేదు.
సెల్‌ఫోన్ వెలుగులో ఆ అధ్యాయం మొదట్నుంచి చివరిదాకా వేలు పెట్టి వెతికాను.
మాటలున్నాయి, కొండ ఉంది, ఊరంతా కదిలి రావడం ఉంది.
ఆయన నీళ్లు తాగినట్టు ఎక్కడా లేదు.
ఇరవై రెండేళ్లు చదివాను.
ఆయన గొంతు తడిసిందో లేదో
నాకు తట్టనే లేదు.

అందుకే ఇవాళ మీరు చదవండి.
నాకోసం జవాబులు వెతక్కండి, కళ్లు మూసుకోకండి,
మొహం భక్తిగా పెట్టుకోనక్కర్లేదు.
రాయప్పా, నువ్వు ఇల్లిల్లూ తిరిగి మీటరు చూసే కాళ్లతో చదువు.
కన్నెమరియా, డయాలసిస్ వార్డులో
రోజుకి గ్లాసున్నర కొలిచి తాగే మీ నాన్న పక్కన కూర్చున్నట్టు చదువు.
అడగడానికి సిగ్గుపడే వాళ్లుంటే
ఆయన అడిగిన చోట ఆగండి,
ముందు అడిగింది ఆయనే.
నమ్మకం కుదరకపోతే కుదరలేదనే అనుకోండి,
ఆమె కూడా మొదట వాదించింది,
చేద లేదు, బావి లోతంది, నువ్వెలా తోడతావని.
నిజమే కదా.

అదిగో.
హారన్ ట్యాంకర్‌దేనా?
పోండి పోండి, పూజ ఎక్కడికీ పోదు.
పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి
బెంచీ మీద మీ చోట పెట్టి పోండి,
ఎవరూ జరపరు.
శౌరీలమ్మా, నా బకెట్టు
ఇటుకా చెప్పూ దాటాక, పద్నాలుగోది.
కాస్త చూస్తుండు.
దీపం తగ్గించి వస్తున్నా.