స్టోర్‌రూమ్ తాళం

ఓల్డమ్‌లో మా బడి స్టోర్‌రూమ్ తాళం
నా దగ్గరే ఉంటుంది.
తలుపు తీయగానే ముందు వచ్చేది వాసన,
వేడెక్కి చల్లారిన దుమ్ముది.

మెడలు వంచుకుని మూడు ప్రొజెక్టర్లు.
ఒకదాని గాజు మీద ఇంకా ఎవరిదో
కిరణజన్య సంయోగక్రియ, ఆకుపచ్చ సిరాలో, సగం.
వాటి వెనక పెన్నులు పోగొట్టుకున్న స్మార్ట్‌బోర్డు.
దాని వెనక, జవాబుకి నొక్కే మీటల పెట్టె.
కొన్నవి ముప్పై రెండు, ఉన్నవి ఇరవై తొమ్మిది.
ఆ మూడూ ఏ పిల్లల జేబుల్లో పెద్దవయ్యాయో.

ఇవాళ టాబ్లెట్లు వచ్చాయి. నూట ఎనభై.
హెడ్మాస్టరు ఫాల్‌షా కేకు కోశాడు.
కంపెనీ కుర్రాడు "ప్రయాణం" అనే మాట
పదకొండుసార్లు వాడాడు.
లెక్కపెట్టింది గ్లెనిస్ హెస్కెత్.
నోట్‌బుక్ చివరి పేజీలో గీతలు గీసి
బల్ల కింద నుంచి నాకు చూపించింది.

కొత్తొక వింత, పాతొక రోత అంటాం మేము,
అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు.
"రోత కాదమ్మాయ్.
ఆ ప్రొజెక్టరు అందరికీ నేర్పింది నేనే.
ఆ బోర్డూ నేనే. ఆ మీటలూ.
ప్రతిసారీ నిజంగానే నమ్మాను.
నా అలసట అదీ."

నాకేం చెప్పాలో తోచలేదు. కేకు తిన్నాను.

నాలుగున్నరకి, అందరూ వెళ్లాక వచ్చింది,
కోటు విప్పకుండా, భుజాల మీద వాన ఇంకా ఆరకుండా.
"చూపించు, తొందరగా. నలుగురిలో అడగలేను."
నొక్కింది. తెర పలకలేదు.
మళ్లీ నొక్కింది. లేదు.
ముప్పై ఏడేళ్ల సుద్ద, పైన నవంబరు చలి:
ఎండిపోయిన ఆ వేలిని గాజు మనిషిదనుకోలేదు.
పుస్తకంలో పేజీ తిప్పేవాళ్లలా
వేలు నాలుకకి తాకించుకుంది.
తెర వెలిగింది.

చెయ్యి పట్టి మొదటి గీత గీయించాను.
బియ్యం పళ్లెం గుర్తొచ్చింది, చెప్పలేదు.
వణికిన చెయ్యి నాదే.

మంగళవారం పదో తరగతి, భిన్నాలు.
మూడో వరసలో మైమూనా
రెండు వేళ్లతో లెక్కను చపాతీ పిండిలా సాగదీసింది.
హారం అరచేతంత అయ్యింది.
ఆ రోజు పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూడలేదు.
తొంగిచూస్తోందని పోయినేడు రెండుసార్లు
గోడ పక్కన నిలబెట్టింది గ్లెనిసే.

"నా అక్షరాలు నీకు కనిపించేవి కావా?"
"లేదు మిస్."
"చెప్పొచ్చుగా?"
మైమూనా భుజాలు ఎగరేసి
తరవాతి లెక్కకి వెళ్లిపోయింది.

కేబుల్ మార్చే నెపంతో నేను గుమ్మంలోనే ఉన్నాను.
గ్లెనిస్ బయటికొచ్చి, కిటికీ వైపు తిరిగి,
చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఇవి ఎన్నాళ్లుంటాయి?"
"వారంటీ మూడేళ్లు.
ఆ తరవాత..." తాళం చూపించాను.
"ఆ పిల్లకి ఇంకా రెండేళ్లేగా బడి," అంది.
"సరిపోతాయి."