పంటు మీద పన్నెండు నిమిషాలు

ముక్తేశ్వరం రేవులో బండిని పంటెక్కించి
స్టాండు వేసి, వెనకచక్రానికి ఇటుకముక్క అడ్డం పెడతాను.
సంచిలో ముప్ఫై ఎనిమిది పెట్టెలు.
జేబులో ఒక ఆసామి.
ముఖం లేనివాడు, నన్ను అంకెతో పిలిచేవాడు,
చెట్టునీడన కాస్త ఆగితే
"ఎందుకు ఆగారు?" అని మర్యాదగా అడిగేవాడు.

మా నాన్న కొబ్బరి దింపు పనికెళ్ళేవాడు. చెట్టుకింతని లెక్క.
పైన మట్టల్లో ఉన్నంతసేపూ
కింద ఆసామి ఎంతరిచినా వినపడేది కాదట.
ఆ పనిలో ఉన్న సుఖం అదొక్కటేరా, అనేవాడు.

నాకు ఆ చెట్టు లేదు.

వీరవేణి గారికి ఈ వారంలో ఇది ఐదో పెట్టె.
కోటిపల్లిలో సందు చివర టైలరింగ్ షాపు.
షట్టరు సగం దించి, మిషను మీద పాతచీర కప్పి ఉంటుంది.
"రాత్రి రెండున్నరకి పెట్టాను బాబూ, నిద్రపట్టక.
ఏం పెట్టానో నాకూ గుర్తులేదు."
వెంటనే విప్పదు. రెండు చేతుల్లో పట్టుకుని
సంతలో దోసకాయని చూసినట్టు బరువు చూస్తుంది.

మొన్న జాకెట్టు వచ్చింది. రెడీమేడు, చమ్కీలది.
నా ముందే తిరగేసి, గోటితో కుట్లు లెక్కపెట్టి
"అంగుళానికి ఆరే! రెండుతుకులకి పోద్ది" అంది
గెలిచినట్టు.
కాసేపాగి
"నూట తొంభై తొమ్మిదికి నాకు లైనింగు గుడ్డే రాదు" అంది.

తిరిగి పంపెయ్యమంటారా అంటే, రేపు రమ్మంటుంది.
రేపెళితే అది చేతికిచ్చి ఇంకోటి అందుకుంటుంది.
మజ్జిగ తాగుతావా, అని ప్రతిసారీ అడుగుతుంది.
మజ్జిగకి నాలుగు నిమిషాలు పడుతుంది.
నాలుగు నిమిషాల్లో నా జేబు రెండుసార్లు మూలుగుతుంది.
టైము లేదండీ.
ఈ మాట రోజుకి ఎన్నిసార్లంటానో
లెక్కెట్టే యాప్ మాత్రం ఇంకా రాలేదు.

నేనేం తక్కువ తిన్నానా?
చుట్టూ చప్పుడు వినపడనివ్వవంటే
వాయిదాల మీద కొన్నాను, చెవుల్లో పెట్టుకునేవి.
బయట చప్పుడు ఆగింది. లోపలిది పెరిగింది.
నిద్రలో టింగుమంటుంది. లేచి చూస్తే తెర మీద ఏమీ లేదు.
"కాలవలో కప్పలయ్యా, పడుకో" అంటుంది మా సులోమి.
కప్పలే. వాన మొదలైంది.
అప్పటికే నేను చొక్కా తొడుక్కుని
బండి తాళం వెతుకుతున్నాను.

గౌతమి మధ్యకొచ్చేసరికి సిగ్నలు పోతుంది.
మ్యాపులో నీలంచుక్క నీళ్ళలో నిలబడి
దారి తప్పారు, దారి తప్పారు, అని కొంతసేపు గొణిగి
నోరు మూస్తుంది.
కొత్తలో నాకు చెమటలు పట్టేవి.
ఫోను పైకెత్తి పంటు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవాణ్ణి.
పంటు నడిపే పోలయ్య బీడీ తీసి అడిగాడొకసారి:
"నీళ్ళలో పడ్డావనుకో,
ముందు నిన్ను తియ్యమంటావా, దాన్నా?"
పంటులో అందరూ నవ్వారు.
నాకు జవాబు వెంటనే రాలేదు.
ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇవాళ ఎర్రనీరు దిగింది.
ఎగువ ఎక్కడో ఎవరి పొలాల మీదో కురిసిన వాన.
గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతోంది.
ఒక ముద్ద మీద కొంగ,
టిక్కెట్టు కొనుక్కున్నట్టు తీరిగ్గా, ఒంటికాలి మీద.
చూస్తూ ఉన్నాను. ఎంతసేపో తెలీదు.
తెలీకపోవడం బాగుంది.

సంచిలోంచి వీరవేణి గారి పెట్టె తీసి
ఆవిడలాగే రెండు చేతుల్లో బరువు చూశాను.
ఏమీ లేనంత తేలిక.
ఊపితే లోపల గాలిబుడగల కవరు గరగరమంది.
ఇంత తేలికైనదానికా
ఆవిడ రెండున్నరదాకా మేలుకున్నది,
నేను కప్పలకి లేచి చొక్కా తొడిగింది.

కోటిపల్లి గట్టు దగ్గరపడుతోంది.
తొడ దగ్గర జేబు వణికింది. పదకొండు ఒక్కసారే పడ్డాయి.
పోలయ్య మోకు విసిరాడు.

పుల్లటి మజ్జిగ, కరివేపాకు వేసి ఇస్తుందేమో.
అడిగి చూడాలి.

ఇటుకముక్క తీశాను.
నేనింకా ఎక్కకుండానే
బండి కాస్త ముందుకి జరిగింది.