నూలుపోగు

రాత్రి రెండుంబావు.
స్లౌలో మంచు పడటం లేదు, పడినట్టే ఉంది చలి.
కిటికీల్లేని ఈ భవనంలో
మూడో హాలుకి మాత్రం ఎండాకాలం.

పైకప్పు మీద నాలుగు చిల్లర్లు
నాలుగూ రొప్పుతున్నాయి.
బయట గాలి మూడు డిగ్రీలు.
దుప్పటి కప్పుకుని ఏసీ పెంచుకున్నవాడిలా
ఏడాది పొడుగునా పద్దెనిమిదే కావాలంటుంది హాలు.
ఎవరు పెట్టారా అంకె?
అడిగితే డెర్మట్ భుజాలెగరేస్తాడు.
తొమ్మిదేళ్ళ కిందటి పసుపు కాగితం మీద
ఎవరివో వంకర అక్షరాలు: ముట్టుకోవద్దు.
సంతకం చెరిగిపోయింది, భయం చెరగలేదు.

నా చేతిలో ఒక స్కేలుబద్ద.
దాని చివర టేపుతో అంటించిన నూలుపోగు,
నా చున్నీ అంచులోంచి లాగింది.
పొగ పెడితే అలారం మోగుతుంది,
పోగుకి ఎవరూ అడ్డు చెప్పరు.

చల్లటి వైపు నిలబడితే
పోగు యంత్రాల మీదికి వాలాలి.
పదకొండో బీరువా దగ్గర
అది నా వైపు తిరిగింది.

రెండు సర్వర్ల నడుమ ఖాళీ అర.
ఎప్పుడో యంత్రం తీసేసి మూత మరిచారు.
వెనక వదిలిన వేడంతా
ఆ సందులోంచి ముందుకొచ్చి
మళ్ళీ అదే యంత్రం ముక్కులోకి.
తను విడిచిన ఊపిరే తను పీలుస్తూ
జ్వరం జ్వరం అని కేకేస్తోంది,
పైన చిల్లరు ఇంకాస్త చలి తోడిపోస్తోంది.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడనేది మా పిన్ని,
జీతం చాలక రాత్రుళ్ళు జాకెట్లు కుడుతూ.
ఇక్కడ ఆ తోడే దొంగ.

లెక్కపెట్టాను: నూట నలభై ఆరు ఖాళీ అరలు.
ఒక్కోదానికి ఒక ప్లాస్టిక్ రేకు, ఒక టీ ఖరీదు.
నొక్కితే టప్పుమని కూర్చుంటుంది.
తీగలు దూరే నేల కన్నాలకి బ్రష్షు అంచులు,
వరుస చివర వేలాడే మందపాటి తెరలు.
మాంసం కొట్టులా చేశావని డెర్మట్ నవ్వాడు.

ఐదు రాత్రులు పట్టింది.
అప్పుడు అడిగాను: ఒక్క డిగ్రీ పెంచుదామా?

వెంటనే ఏమీ అనలేదు.
ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు.
ఒక ఆగస్టు ఆదివారం తన షిఫ్టులో
శీతల గది తలుపు సరిగా పడక
పదకొండు టన్నుల వనిల్లా కాలవ కట్టిందట.
బూట్ల కింద ఆ తీపి ఇంకా వదల్లేదంటాడు.
"చల్లగా ఉంచినందుకు ఎవడి ఉద్యోగమూ పోదు" అన్నాడు.
అని, తనే మీట నొక్కాడు.
పంతొమ్మిది.

వారానికొకటి.
ఇరవై.
ఇరవై ఒకటి దగ్గర రెండు వారాలు ఆగాం, ధైర్యం చాలక.
ఏ యంత్రమూ కిమ్మనలేదు.
ఇరవై ఏడు దాకా మాకేం కాదని
వాటితో వచ్చిన పుస్తకంలోనే ఉంది,
చదివినవాళ్ళు లేరు.

ఇరవై నాలుగైన రాత్రి
నాలుగో చిల్లరు ఆగిపోయింది.
చెడిందనుకుని ఇద్దరం మెట్లెక్కి పరిగెత్తాం.
చెడలేదు. పని లేక ఆగింది.
తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ మూల నిశ్శబ్దం.
దూరంగా గూడ్సు బండి, ఎక్కడో నక్క కూత.
డెర్మట్ టోపీ తీసి
ఆ రేకు మీద చెయ్యి వేశాడు,
నెమరేస్తూ పడుకున్న గొడ్డుని నిమిరినట్టు.

ఇక్కడితో ఆపేద్దును.
మొన్న మేనేజరు ఫిలిప్పా మెయిలు పెట్టింది:
మిగిల్చిన కరెంటుకి అభినందనలు,
ఆ మేరకు ఏప్రిల్‌లో మూడో హాలుకి
ఇంకో రెండు వరుసల యంత్రాలు.

నాలుగోది మళ్ళీ లేస్తుంది కాబోలు.
నిద్రపోని లోకం అడిగే ప్రశ్నల వేడి ముందు
నాదెంత, చంద్రుడికో నూలుపోగు.

స్కేలుబద్ద పారేయలేదు.
పోగే మాసిపోయింది, కొత్తది లాగాలి.