నాలుగో కాలు

అజ్మాన్, కొత్త సనయ్య.
మధ్యాహ్నమైతే రేకుల షెడ్డు పెనమైతది.
రంపప్పొట్టు చెమటకంటి
చేతుల మీది వెంట్రుకలు టేకు రంగుకొస్తయి.

పికప్‌లకెళ్లి మూడు కాళ్లు దించిండు డ్రైవరు,
పాత మంచానివి.
నాలుగోది పురుగు తిన్నదట, పట్టుకుంటే పిండి.
ఎనుక ముసలమ్మ దిగింది, ఉమ్ ఖల్ఫాన్.
"ఇట్లాంటిదే ఇంకోటి" అన్నది.
నాకొచ్చిన అరబ్బీ నలభై మాటలు,
అందుల ఇవి ఉన్నయి.

ముందుగాల కొలకర్ర తీసిన.
సన్న చెక్క మీద పెన్సిల్ గీతలు:
పూస ఇక్కడ, గాడి ఇక్కడ, మెడ ఇక్కడ.
రెండో కాలు పక్కకు పెడితే గీతలు కలవలే,
పూస నూలంత కిందికి జారింది.
మూడోదానికి మెడ సన్నం, పొట్ట ఒక దిక్కు బరువు.
కాలిపర్ మూడింటి మీద మూడు మాటలు చెప్పింది.

దేని లెక్క చెయ్యాలె?

"కాపీ మిషన్ల పెట్టు" అన్నడు గుల్ జమాన్,
"గంటకు పన్నెండు. అన్నీ కవలలే."
అబద్ధమేం గాదు.
హోటలు కుర్చీలకు చేసేది గదే.
రేకు అచ్చు మీద చక్రం పారుతది,
కత్తి దాని ఎంబడి పోతది,
మొద్దులు మార్చుడు నా పని.
ఆరేండ్లల్ల ఎన్ని వేల కాళ్లో!
ఎక్కడన్న హోటల్ల ఎదురుపడ్డా
ఒక్కటి నన్ను గుర్తువట్టది.

పాత కాలు గాడిల వేలు పెట్టిన.
పెట్టి, అట్లనే నిలబడ్డ.

మా మేనమామది తాడు తరిమెన.
ఆయన ఉలి పట్టేది, నేను తాడు గుంజేది.
అటు గుంజితే కట్టె ఇటు తిరుగుతది,
ఇటు గుంజితే అటు.
సగం తిరుగుడే కోత. మిగతా సగం
ఉలికి, నాకు, కట్టెకు ఊపిరి.
నా రెక్కలు అలిసిన చోట
పొట్ట కొంచెం లావుగ మిగిలేది.
మామ చూసి ఊకునేది.

ఈ మంచానికి సుత ఎవరో తాడు గుంజిండు.
మూడో కాలు కాడికి వచ్చేవరకు
పొద్దుగూకి ఉంటది వానికి.

"ఏది ఏ మూలది?" అడిగిన.
ముసలమ్మ కండ్లు మూసుకొని తడిమింది.
ఇది తలుపు దిక్కు.
ఇది సముద్రం దిక్కు.
దీని మీద గాటు నా పెద్దోని పాలపండ్లది.
పోయింది గోడ దిక్కుది,
దాన్ని ఎవరు ముట్టలే,
ఎట్లుంటదో నాకూ యాది లేదు.

మొద్దు కొసలకు మూలమూలకు గీతలు గీసి
నడిమి చుక్క పొడిచిన.
అంచులు చెక్కి ఎనిమిది పలకలు చేసిన.
రెస్టు దగ్గరికి జరిపి, వేగం తగ్గించి
గోరుఉలి ఆనిచ్చిన.
టకటకటక. మూలలున్నంతసేపు కట్టె తిడుతది.
గుండ్రమైందనేది చెవికే ముందు తెలుస్తది,
తిట్టు కాస్తా సన్నటి ఈల.
ఉలి వీపు ముందు తాకాలె, అంచు ఆఖరికి.
తొందరపడి అంచు పెడితే కట్టె కొరుకుతది,
నా బొటనవేలు మీద దాని సంతకం ఉన్నది.
పూస తిప్పేటప్పుడు మణికట్టు గాదు, నడుము తిరగాలె.

పొట్ట కాడికి రాంగనే మోటారు బంద్ చేసిన.
బెల్టు తప్పించి, నైలాను తాడు చుట్టి
కొత్తగొచ్చిన సిరికొండ పోరని చేతికిచ్చిన.
"గుంజు, గంగనర్సు."
"మోటారుండంగ నేనెందుకన్నా?"
"గుంజు."

గుంజిండు. నవ్వుకుంట కొంచెంసేపు,
తర్వాత నవ్వకుంట.
రెక్కలు గుంజుతున్నయన్నడు. ఆపలే.
కాలిపర్ డబ్బల పడేసిన.

ముసలమ్మ వేలితోటి పొట్ట చుట్టూ తడిమింది,
గంగనర్సు అలిసిన కాడ ఆగింది.
"ఇది గోడ దిక్కు పెట్ట" అన్నది.
ఇంకేం అనలే. కర్ర పొడుచుకుంట బండెక్కింది.

సూపర్వైజరు బిల్లు రాసిండు:
కాలు, ఒకటి.
కాపీ మిషన్ రేటే ఏసిండు.
గంగనర్సు రెక్కకు అయోడెక్స్ రుద్దుకుంట
నా దిక్కు గుర్రుగ చూసిండు.